క్రోటన్ మొక్క ఉంది, అమ్మ లేదు

మైదా జిగురు ఉడికించిన గిన్నెను వారమైనా తోమలేదు. అడుగున పెచ్చులు కట్టిన జిగురు పులిసిన వాసన, అందులో కలిపిన మైలుతుత్తం తాలూకు చిలుము వాసన వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా ముక్కుకు తగులుతుంటే నాకు కడుపు నిండినట్టుంది. రాజమండ్రిలో మా మేడ మీది గదిలో పెద్ద ప్రింటరు పెట్టుకుని, అడిగినవాళ్ళకి నిలువెత్తు ఫోటోలు వేసి అట్టల మీద అంటించి ఇస్తుంటాను. వాటికి జిగురుతో పనే లేదు, వెనక కాగితం ఒలిచి అంటించడమే. ఈ ఒక్క ఫోటోకి మాత్రం ప్లైవుడ్డు తెప్పించి, పొయ్యి ముందు నిలబడి, పాతకాలం పద్ధతిలో గరిటె తిప్పాను. ఎందుకంటే అది మా మేనత్త సువార్తమ్మగారి హాల్లో పెట్టాల్సిన ఫోటో.

చిన్నప్పుడు కొవ్వూరులో మేమందరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. అత్తయ్య మా నాన్నకీ బాబాయికీ అక్క, తల్లి లేని ఆ ఇద్దరినీ తనే పెంచింది కాబట్టి ఇంట్లో ఆవిడ మాటే వేదవాక్కు. డిసెంబరు వచ్చిందంటే గోడలకు కొట్టిన పచ్చి సున్నం, రోట్లో దంచుతున్న తడి బియ్యప్పిండి, గులాబీ పువ్వులనే పిండివంట అచ్చు కాగే నూనెలో మునగ్గానే గుప్పుమనే గుడ్డూ యాలకులూ, వీటన్నిటినీ చీల్చుకుంటూ కొట్టుగదిలోంచి బాబాయి ఫోటో మందుల ఘాటు. బాబాయికి బ్యాంకులో ఉద్యోగం, ప్రాణం మాత్రం ఫోటోల్లో. మిట్టమధ్యాహ్నం కిటికీకి దుప్పట్లు కట్టి, ఎర్ర బల్బు వెలిగించి, బొమ్మ పెద్దది చేసే యంత్రాన్ని పక్కకి పడుకోబెట్టి, గోడకి పిన్నులతో గుచ్చిన నిలువెత్తు కాగితం మీదికి వెలుతురు వదిలేవాడు. అంత కాగితం పట్టే పళ్ళెం ఎక్కడుంటుంది? రేకు మడిచి పొడుగాటి తొట్టి చేయించాడు. నేనూ అమ్మా చెరో కొసా పట్టుకుని ఆ మందునీళ్ళలో కాగితాన్ని చాపలా చుడుతూ విప్పుతూ ఉంటే ముందు జుట్లు, తర్వాత కళ్ళు, ఆ తర్వాత మనుషులు మెల్లగా తేలి వచ్చేవాళ్ళు. చెమటలు కారిపోతున్నా నాకు బయటికి రాబుద్ధయ్యేది కాదు.

ఒక ఏడు మా ఇంటిల్లిపాది ఫోటో వేశాడు. ఈస్టరు ముందు మట్టల ఆదివారం గుడి నుంచి వచ్చి వరండా ముందు వరసగా నిలబడ్డాం. ఎడమ చివర సిమెంటు కుండీలో క్రోటన్ మొక్క, పక్కన అత్తయ్య, నాన్న భుజం మీద చెయ్యేసి. కుడి చివర అమ్మ, అమ్మకి ఇటు పక్కన నేను, నా భుజం మీద అమ్మ చెయ్యి. అమ్మది ఉప్పాడ, పడవల వాళ్ళ ఇల్లు. నాన్న అక్కడ పంతులుగా పనిచేసినప్పుడు ఇష్టపడి చేసుకున్నాడు. ఆ సంగతి అత్తయ్యకి చచ్చేదాకా మింగుడుపడదు. "సముద్రపోళ్ళ పిల్ల, కొంగంతా నీచు కంపే" అని ముక్కు మూసుకునేది. గోదారికి పులస వచ్చినప్పుడు మాత్రం అమ్మ వండిన పులుసు దాక తన ముందుకే లాక్కుని అడుగు దాకా ఊడ్చేది.

క్రిస్మస్‌కి ముందు భోజనాలయ్యాక వరండాలో చాప మీద ఫోటో పరిచాం. అమ్మ జిగురు కలుపుతోంది. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేయబోతే అత్తయ్య కయ్యిమంది.

"వంటింటి గిన్నెలో విషం కలుపుతారా ఎవరైనా? బుద్ధుందా?"

సరే, మానేసింది. తీరా చూస్తే వడ్రంగి కోసిచ్చిన ప్లైవుడ్డు జానెడు తక్కువైంది. ఎడమ పక్క కోస్తే మొక్క పోతుంది, కుడి పక్క కోస్తే అమ్మ పోతుంది. బాబాయి బ్లేడు పట్టుకుని అక్క మొహంలోకి చూశాడు.

"మొక్క ఉండాలిరా, ఇంటికి కళ. అటు కొయ్యి."

"అటు వదినగారున్నారక్కా."

"ఉంటే ఏంటి? రోజూ ఇంట్లో కనపడుతూనే ఉందిగా!"

నాన్న పేపరు తిరగేశాడు. బ్లేడు సర్రున దిగింది. అమ్మ జిగురు ఉండ కట్టకుండా తిప్పుతూనే ఉంది, ఆ తర్వాత తన చేతులతోనే అప్పడాల కర్ర దొర్లించి గాలిబుడగలన్నీ నొక్కింది. కోసిన ముక్క నాకిమ్మని నేను ఏడిస్తే అత్తయ్య దాన్ని చుట్టచుట్టి పొయ్యిలో పెట్టింది. ఫోటోలో నా భుజం మీద నాలుగు వేళ్ళూ ఒక గాజూ మిగిలాయి.

పండగనాడు వచ్చినవాళ్ళలో ఎవరో ఆ వేళ్ళు చూసి అడిగారు, "ఇదెవరి చెయ్యండీ?"

"పనామెదండి, అడ్డొచ్చింది," అంది అత్తయ్య.

అమ్మ అప్పుడే గులాబీ పువ్వుల పళ్ళెం పట్టుకుని హాల్లోకి వస్తోంది. విన్నది. పళ్ళెం అందరికీ తిప్పి పెరట్లోకి వెళ్ళింది. నేను వెనకాలే పరిగెత్తి కొంగు పట్టుకుని వెక్కుతుంటే, గిన్నెలు తోముతూ ఒకటే మాటంది. "ఏడవకే. గుర్తుపెట్టుకో."

గుర్తుపెట్టుకున్నాను. తర్వాత మేం వేరే వెళ్ళిపోయినా, అత్తయ్య ఇంటికి పోయిన ప్రతిసారీ ఆ ఫోటో చూసి పళ్ళు కొరుక్కునేదాన్ని. అయితే దేవుడు అంత గుడ్డివాడేం కాదు. విషం లేని జిగురు కదా, బొద్దింకలకి విందు భోజనమైంది. ఎడమ పక్క నుంచి మొదలుపెట్టి ముందు క్రోటన్ మొక్కని తిని, ఆ తర్వాత తీరిగ్గా అత్తయ్య మొహం మీదికి వచ్చాయి. నేను వెళ్ళినప్పుడల్లా ఎంతవరకూ తిన్నాయో చూసుకుని సంతోషంగా వచ్చేదాన్ని.

మొన్నీమధ్య అత్తయ్యే ఫోన్ చేసింది. "అమ్మడూ, హాల్లో ఫోటో పాడైపోయిందే. ఆదివారం ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. మీ బాబాయి పోయేముందు నెగెటివులన్నీ నీకిచ్చాడంట కదా, అచ్చం పాతదానిలాగే వేసి పట్రామ్మా."

"అయ్యో, అంతకంటేనా అత్తయ్యా!" అన్నాను, గొంతులో తేనె పోసుకుని.

ఫోటో వేసి బల్ల మీద పరిచాను. కుడి చివర అమ్మ, నేను మర్చిపోయిన నవ్వుతో, పూర్తిగా ఉంది. స్కేలు తీసుకెళ్ళి ఎడమ పక్క పెట్టాను. అత్తయ్యని కోసి, నాన్న భుజం మీద ఆవిడ వేళ్ళు మాత్రం వదలాలని. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. నా దగ్గరే ఉంటున్న అమ్మ వచ్చి నా చేతిలో బ్లేడు లాక్కుంది.

"క్షమించేశావా ఏంటి?" అన్నాను ఒళ్ళు మండి.

"నీ మొహం. కోసేస్తే ఆవిడకేం నొప్పే? అందరినీ ఉంచు, మొక్కని కూడా ఉంచు. కుర్చీలో కూచున్నంతసేపూ నన్ను చూడాలి."

ఆ మాటకి నా కోపం చిన్నదైపోయింది. అమ్మ తనే మైలుతుత్తం పొట్లం విప్పి, చిటికెడు చాలన్నా వినకుండా గుప్పెడు వేసింది.

ఆదివారం ఆటోలో కొవ్వూరు వంతెన దాటుతుంటే గోదారి గాలికి బోర్డు తెరచాపలా లేచిపోతోంది, అమ్మ రెండు చేతులా అదిమి పట్టుకుంది. నేను పాతది దింపి, అత్తయ్య పడక్కుర్చీకి సరిగ్గా ఎదురుగా పొడుగాటి మేకులతో కొత్తది దిగ్గొట్టాను. అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని కుడి చివర దాకా చూసింది. ఏదో అనబోయింది గానీ, అప్పటికే ప్రార్థనకి జనం చెప్పులు విప్పుతున్నారు.

ప్రార్థన అయ్యాక పాస్టరు అయ్యగారి భార్య ఫోటో దగ్గరికి వెళ్ళింది. "ఈ చివర నవ్వుతున్నావిడ ఎవరండీ? ఎంత బావున్నారో!"

హాలంతా అత్తయ్య వైపు తిరిగింది. అమ్మ కూడా. అమ్మ అత్తయ్య పక్కనే, ఆ హాల్లో తనెన్నడూ కూర్చోని కుర్చీలో కూర్చుని ఉంది.

"మా మరదలండి," అంది అత్తయ్య.

"నేనేనండి," అంది అమ్మ. ఆ వెంటనే, అందరూ వింటుండగా, "వదినా, ఆ గులాబీ పువ్వుల పళ్ళెం ఇలా అందుకోండి."

అత్తయ్య అందించింది. అందులోంచి ఒకటి జారి, విరిగి ఒళ్ళో పడింది. నాకు జాలి వెయ్యలేదు.

ఇప్పుడు బాబాయి లేడు, నాన్నా లేడు. ఎర్ర బల్బు, రేకు తొట్టి ఎటుపోయాయో తెలీదు, చీకట్లో మనుషులు మెల్లగా తేలి రావడం అనేది మా ప్రింటరుకి తెలియనే తెలియదు. పాత బోర్డు నా గదిలో గోడకి ఆనించి ఉంది. దాని మీద ఆ నాలుగు వేళ్ళని పురుగులు ముట్టుకోలేదు. అమ్మ దాని వంక చూడదు. పొద్దున్న కాఫీ తాగుతూ మాత్రం రోజూ అడుగుతుంది.

"మీ అత్తయ్య ఫోటో తీసేసిందేమో కనుక్కున్నావా?"

"తియ్యలేదమ్మా. గోడ పగలగొడితే గానీ రాదు."

"ఊఁ," అని ఇంకో గుక్క తాగుతుంది.