చదవడం వచ్చిన బడికి మెమో

కరోనా తర్వాత బడులు పూర్తిగా తెరుచుకున్న రెండో ఏడాది జూన్‌లో, జహీరాబాద్ డివిజన్‌లోని ఒక మండలానికి నన్ను ఇన్‌చార్జి మండల విద్యాధికారిగా వేశారు. నా అసలు ఉద్యోగం ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుడిది. మా కాలంలో చాలా మండలాలు ఇలా అదనపు బాధ్యత మీదే నడిచేవి. మండలం పేరు మాత్రం చెప్పను. ఇందులో కనిపించే హెడ్మాస్టర్లు ఇప్పటికీ నాకు చాయ్ పోయిస్తారు. రిటైరయ్యాక ఆ మాత్రం మర్యాదను పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

ఆ ఏడాదే ప్రాథమిక బడుల్లో చదవడం, లెక్కలు గట్టిగా నేర్పించే కొత్త కార్యక్రమం మొదలైంది. జహీరాబాద్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో మాకు శిక్షణ ఇచ్చారు. పిల్లల చదువే దేశానికి మానవ మూలధనమనీ, ముందు దాన్ని కొలిచి ఆ తర్వాత పెంచాలనీ పట్నం నుంచి వచ్చిన నిపుణుడు తెర మీద బాణాలు గీసి చూపించాడు. అందులో తప్పేమీ లేదు, నేను ఇప్పటికీ అదే నమ్ముతాను. చిక్కంతా కొలవడం దగ్గరే వచ్చింది.

పద్ధతి ఇది. బడులు తెరిచిన కొత్తలో టీచరు మూడు నుంచి ఐదో తరగతి దాకా ఒక్కో పిల్లవాణ్ని పిలిచి ఒక కాగితం చదివిస్తారు. అక్షరాల దగ్గరే ఆగిపోతే అడుగు మెట్టు. పదాలు, వాక్యాలు దాటి పేరా మొత్తం చదివితే పై మెట్టు. దీన్ని బేస్‌లైన్ అంటారు. మార్చిలో మళ్లీ అదే పరీక్ష పెడితే అది ఎండ్‌లైన్. రెండింటి మధ్య పిల్లలు ఎక్కిన మెట్లే ఆ బడి ప్రగతి. వివరాలన్నీ టీచరే ఫోన్‌లోని యాప్‌లో ఎక్కించాలి.

బేస్‌లైన్‌కు ముందు నేను హెడ్మాస్టర్ల మీటింగ్ పెట్టాను. "తక్కువొచ్చిందని ఎవలు పరేషాన్ గావొద్దు. ఇప్పుడు తక్కువుంటేనే మార్చిల పెంచనీకి జాగుంటది" అన్నాను. అని ఊరుకోకుండా ఒక నవ్వు కూడా నవ్వాను. మా వాళ్లు మాటను వదిలేసి నవ్వును రాసుకున్నారు. నిజానికి వాళ్లు అలా రాసుకోవాలనే నవ్వాను. నా మండలం జిల్లాలో పైకి కనబడాలని నాకూ ఉబలాటంగానే ఉండేది.

ఆ వారంలో నర్సిములు సార్ బడికి వెళ్లాను. మండలంలో అందరికంటే సీనియర్ హెడ్మాస్టర్ ఆయన. నాలుగో తరగతి అమ్మాయి కాగితం పట్టుకుని మొదటి వాక్యం గడగడా చదివింది. నర్సిములు సార్ చిన్నగా దగ్గారు. పిల్ల టక్కున నోరు మూసుకుంది. ఆయన యాప్‌లో 'అక్షరాలు' అని నొక్కి నా వైపు వినయంగా చూశారు. నేను కిటికీలోంచి అల్లం చేలు చూస్తూ నిలబడ్డాను.

మండలంలో నా నవ్వు అర్థం కానిది ఒక్క సుజాత మేడంకే. కర్ణాటక సరిహద్దుకు ఆనుకున్న చిన్న ఊరిలో ఏకోపాధ్యాయ పాఠశాల ఆమెది. అక్కడి పిల్లలు ఇంట్లో కన్నడం, సంతలో ఉర్దూ మాట్లాడతారు. తెలుగు బడిలోనే వినాలి. ఆమె విత్తనాల సంచీలు, పెళ్లి కార్డులు, మందుల డబ్బాలు ఏవి దొరికితే అవి తెచ్చి చదివించేవారు. బేస్‌లైన్‌లో పిల్లలు పేరాలు చదివారు. మేడం ఉన్నది ఉన్నట్టు యాప్‌లో ఎక్కించారు.

మార్చిలో ఎండ్‌లైన్ అయింది. మండలంలో ఎక్కడ చూసినా పిల్లలు మెట్లు ఎగిరి దూకారు. ప్రగతిలో నర్సిములు సార్ బడిది మొదటి స్థానం. సుజాత మేడం పిల్లలు ముందూ పై మెట్టు మీదే ఉన్నారు, తర్వాతా అక్కడే ఉన్నారు. ఆ బడి ప్రగతి సున్నా. సున్నా వచ్చిన బడుల టీచర్లకు సంజాయిషీ మెమో ఇవ్వాలనీ, జవాబు తృప్తికరంగా లేకపోతే జూన్‌లో సర్దుబాటు కింద వేరే మండలానికి పంపాలనీ పై నుంచి ఆదేశం వచ్చింది. సర్దుబాటు అంటే ఉత్తర్వులో మెత్తగా ఉంటుంది గానీ, ఆ ఊరి పిల్లలకు చదువు నేర్పిన మనిషిని అక్కడినుంచి తీసేయడమే. అంతా తెలిసి కూడా మెమో మీద సంతకం పెట్టాను.

మేడం ఆఫీసుకు వచ్చారు. కోపంగా లేరు, అదే నాకు ఇబ్బంది అయింది. "జూన్లనే చదువుతుండిరి సార్, ఇప్పుడు గూడ మంచిగ చదువుతున్నరు. ఇంకెంత పెరగాలె? జర మీరే చెప్పున్రి, అట్లనే రాసిస్త" అన్నారు. రూల్ ప్రకారం పది రోజుల్లో జవాబివ్వాలని చెప్పి పంపేశాను. ఆ పూట నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ పది రోజుల్లోనే రాష్ట్ర బృందం తనిఖీకి వస్తోందని కబురు వచ్చింది. మండలంలో ప్రగతి ఎక్కువ ఉన్న బడి ఒకటి, అసలు లేని బడి ఒకటి చూస్తారు. ఏది ముందు చూపించాలో నిర్ణయించేది మండల విద్యాధికారే. ఈ ఉద్యోగంలో మాకున్న అధికారాలు చాలా తక్కువ. ఉన్న ఒక్కదాన్ని ఆ రోజు పూర్తిగా వాడుకున్నాను. సున్నా బడికి ముందు తీసుకెళ్లాను, మెమో నకలు ఫైల్లో పైనే పెట్టుకున్నాను.

బృందానికి పెద్ద ఒక మహిళా అధికారి. పరీక్ష పేరా పిల్లలకు కంఠతా వచ్చి ఉంటుందని ఆమెకు అనుమానం. ఎన్నడూ చూడని కాగితం ఏదైనా ఇవ్వమన్నారు. నేను అమాయకంగా ఫైలు తెరిచి పై కాగితం అందించాను. భాగ్యశ్రీ అనే నాలుగో తరగతి పిల్ల లేచి, అక్షరాల కింద వేలు పెట్టకుండా, గొంతెత్తి చదివింది. "పై విషయమై తెలియజేయునది ఏమనగా, మీ పాఠశాల విద్యార్థుల పఠనంలో ఎటువంటి పురోగతి కనబడనందున, మీపై శాఖాపరమైన చర్య ఎందుకు తీసుకోరాదో సంజాయిషీ ఇవ్వవలసిందిగా..." ఎక్కడా తడబడలేదు. కింద నా పేరు, హోదా కూడా వదలకుండా చదివి, కాగితం దించి నన్నే అడిగింది: "మాకు చదవొస్తలేదని రాసిన్రా సార్?"

సుజాత మేడం తల వంచుకున్నారు. నవ్వు ఆపుకుంటున్నారో ఏడుపు ఆపుకుంటున్నారో నాకు తెలియలేదు. అధికారి మెమోను తన బ్యాగులో పెట్టుకుని, రెండో బడికి పోదామన్నారు. నా కుట్ర అక్కడితో ముగిసి ఉంటే ఈ జ్ఞాపకంలో నేను హీరోనై ఉండేవాణ్ని.

నర్సిములు సార్ బడిలో స్వాగతం బాగానే ఏర్పాటు చేశారు. కానీ అది చెరకు కొట్టే కాలం. బడి ముందు నుంచి చెరకు లారీలు పోతూనే ఉన్నాయి. దుమ్ముకు ఆయనకు నిజంగానే దగ్గు పట్టుకుంది. జూన్‌లో చూసిన అమ్మాయే నిలబడి చదవడం మొదలుపెట్టింది. సార్ దగ్గారు, పిల్ల ఆగింది. "సదువు బిడ్డా, సదువు" అన్నారు. చదివింది. మళ్లీ దగ్గారు, మళ్లీ ఆగింది. మూడోసారికి ఆ పిల్లకు విసుగొచ్చింది. "సార్, ఇప్పుడు చదవాల్నా, వద్దా? ఏదో ఒకటి చెప్పున్రి" అంది.

అధికారి హెడ్మాస్టర్ వైపు తిరిగారు. ఆయన "సారే గద మేడం మీటింగ్ల..." అని సగంలో ఆపి నన్ను చూశారు. ఆయన మీద అరిచి తప్పించుకునే హోదా నాకుంది. ఆ పని చాలామంది చేయగా చూశాను. కానీ అప్పటికి ఒక పిల్ల నా పేరు పైకి చదివి గంటయినా కాలేదు. "నేనే చెప్పిన మేడం" అన్నాను.

సుజాత మేడం మెమో రద్దయింది, ఆమె ఆ ఊళ్లోనే ఉన్నారు. మెమో నాకు వచ్చింది. సంజాయిషీలో మీటింగులో అన్న మాట అక్షరం పొల్లుపోకుండా రాసి, నవ్వినట్టు కూడా రాశాను. హెచ్చరికతో వదిలేశారు. మరుసటి ఏడాది నుంచి బేస్‌లైన్ పరీక్ష పక్క మండలం టీచర్లు వచ్చి పెట్టాలని మార్చారు. మా మండలం జిల్లాలో అట్టడుగున తేలింది. అందులో సగం బడుల్లో నిజంగా చదవడం రాని పిల్లలున్నారని అప్పుడే నాకు తెలిసింది. ఏడాదంతా వాళ్లను చదవడం వచ్చినవాళ్ల పక్కన నిలబెట్టి, అందరినీ ఒకే అబద్ధపు మెట్టు మీద లెక్కేశాం. ఎవరికి నేర్పాలో ఎవరికీ తెలియకుండా ఒక సంవత్సరం పోయింది. నర్సిములు సార్ దగ్గుతో నోరు మూయించింది చదవగలిగిన పిల్లలనే అనుకున్నాను. నష్టపోయింది మాత్రం చదవలేని పిల్లలు.