పటేలు పెట్టిన షరతు

మొన్న నారాయణఖేడ్ బస్టాండులో దిగి, అలవాటుకొద్దీ గ్రంథాలయం వైపు నడిచాను. వరండాలో కాలు పెట్టే సందు లేదు. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు గోడ పొడవునా చాపలు పరుచుకుని కూర్చున్నారు. మనూరు నుంచి షేర్ ఆటోలో వచ్చిందట, ఒకమ్మాయి కాళ్లు ముడుచుకుని నాకు చోటిచ్చింది. పాత కాగితం, తడి సున్నం కలిసిన ఆ వాసన తగలగానే మా మేనత్త గుర్తొచ్చింది. ఈ పిల్లలకు ఆమె ఎవరో తెలియదు.

ఆ గ్రంథాలయం ఉన్న ఇల్లు ఒక పటేలుది. తను చదువుకోలేదు గానీ చదువంటే వల్లమాలిన గౌరవం. ఉన్న ఇంటిని ఊరికి గ్రంథాలయంగా ఇచ్చేసి, కొడుకులను వెనకింట్లోకి పంపేశాడు. పుస్తకాలు హైదరాబాదు నుంచి బస్సు మీద మూటలుగా తెప్పించాడు. మా మిషన్ కుటుంబాల్లో అందరికంటే ముందు పది పాసైన పిల్ల మా అత్త కాబట్టి, ఆమెను పిలిచి తాళంచెవి చేతిలో పెట్టి, నలుగురిలో ఒక మాట అన్నాడు: "ఒక్క దినం తలుపు మూసినా ఇల్లు మల్ల నా కొడుకులదే."

ఆ మాట అత్త మెడకు చుట్టుకుంది. పటేలు పోయాక మరీ బిగిసింది. క్రిస్మస్ నాడు కూడా చర్చి నుంచి సరాసరి వచ్చి తలుపులు తీసేది. తీస్తే చాలదు, లోపల ఒక్క మనిషైనా కనబడాలని ఆమె పట్టుదల. ముసురు పట్టిన రోజున ఎవరూ రాకపోతే, దారిన పోయేవాళ్లను పిలిచి పేపరు చేతిలో పెట్టేది. అక్షరం రాని గొర్రెల కాపరి ఒకాయన ఆమె పోసిన చాయ్ తాగుతూ, పేపర్లో బొమ్మలు చూస్తూ, గంటసేపు పాఠకుడిగా కూర్చునేవాడు. పటేలు కొడుకులు ఆ దారిన వెళ్తే తాళం కోసమే చూస్తున్నారని ఆమె భయం. చెల్లెలు కంగ్టిలో కాపురం పెడితే, తిరిగొచ్చే బస్సు చెడిపోతే ఎలాగని చూడటానికైనా పోలేదు.

బీదర్ దవాఖానలో పనిచేసే కాంపౌండరు సంబంధం వచ్చింది. అతను అత్తకు నచ్చాడు. ఆ వారమంతా ఆమె కిటికీ ఊచల దగ్గర నిలబడి కూనిరాగాలు తీయడం నేను విన్నాను. తాళంచెవి ఇంకొకరికి ఇచ్చి వెళ్లమని మా నాయన బతిమాలాడు.

"ఇంకొకలు ఒక్క దినం మరుస్తరు అన్నా. ఇల్లు పోతే గా పాపం నాదే," అంది.

కాంపౌండరు కొన్నాళ్లు ఆగి, వేరే పెళ్లి చేసుకున్నాడు.

అత్త జుట్టు పూర్తిగా నెరిసిపోయాక, ఒక మధ్యాహ్నం నేను అక్కడున్నప్పుడు పటేలు చిన్నకొడుకు పేపరు చదవడానికి వచ్చాడు. అతనూ ముసలివాడయ్యాడు. ఇంటి మీద ఇంకా ఆశ ఉందా అని వేళాకోళంగా అడిగాను.

"ఏం ఆశ? నాయిన పోయిన ఏడే మేం వద్దనుకున్నం. అక్క పని సక్కగ చెయ్యాలెనని గా మాట ఆయన ఉత్తగనే అన్నడు. అక్కకు ఎర్కనే గద?"

అత్త పుస్తకానికి అట్ట వేస్తోంది. చేయి ఆగిపోయింది. తనకెవరూ చెప్పలేదని మెల్లగా అంది. ఆయన తెల్లబోయాడు. ఆమె ఇష్టపడే కూర్చుందని ఊరంతా అనుకుందట.

ఆయన వెళ్లాక అత్త గుమ్మం దాకా వెళ్లి నిలబడింది. నాకు ఆ పటేలు మీద, ఆ ఇంటి మీద, మా అందరి మీదా కోపం ముంచుకొచ్చింది. ఇప్పుడైనా ఎక్కడికైనా వెళ్లమన్నాను.

"యాడికి పోవాలె బిడ్డా?" అని అడిగింది, నిజంగానే తెలియక.

ఆమె పోవాలనుకున్న చోట్లన్నిటికీ, ఆమె పోవాలనుకున్న వయసులోనే దారి ఉండేది.