ముక్కుతో వేగం, ఇంజన్‌తో ఎత్తు

విమానం దించేటప్పుడు సినిమాల్లో పైలట్‌కి చెమటలు పట్టిస్తారు. మా నెల్లూరు తీరంలో చెమటకి విమానం అక్కర్లేదు, గాలి ఆగితే చాలు. పోయిన వేసవిలో ఒక సాయంత్రం, రెండు సీట్ల శిక్షణ విమానంలో కూర్చున్న నాకు మాత్రం రెండు రకాల చెమటా పట్టింది. ఆ పూట సరిగా దించితే మా ఇన్‌స్ట్రక్టర్ మేడమ్ నన్ను మొదటిసారి ఒంటరిగా ఎగరనిస్తారు. లేదంటే ఆమె పక్కనే కూర్చుని ఇంకొన్నాళ్లు తిట్లు తినాలి.

మేడమ్‌ది కోవూరు, వరి పండించే ఇల్లు. ఆమె విమానం దించుతుంటే అసలేమీ చెయ్యడం లేదనిపిస్తుంది. వేగం తగ్గితే ముక్కు కాస్త కిందికి వంచుతారు. ఎత్తు తగ్గితే ఇంజన్ కాస్త పెంచుతారు. రన్‌వే మొదట్లో ఒక చోటు గురి పెట్టుకుంటారు. ముందు అద్దంలో ఆ చోటు పైకి జరిగితే మనం మరీ కిందికి పోతున్నట్టు, కిందికి జరిగితే ఎత్తు ఎక్కువైనట్టు. కదలకుండా ఉంటే నేరుగా అక్కడికే దిగుతున్నట్టు. ఇంతే విద్య. ఈతా ఇంతే విద్య అని మునగనివాళ్లు చెబుతారు.

రన్‌వేకి ముందంతా రొయ్యల గుంటలు. మా ఇంట్లో చేసేదీ రొయ్యల సాగే. కిందికి వస్తుంటే ఒక గుంటలో నీళ్లకి గాలి కలిపే ఏరేటర్లు తిరగడం లేదని కనిపించింది. అవి ఆగితే నీళ్లలో ఊపిరాడక రొయ్యలు చస్తాయి. మావాళ్లు పెళ్లిపీటల మీంచైనా లేచి పరిగెత్తే విషయం అది. నా చూపు అక్కడే అతుక్కుపోయింది.

"ఎవురిదిరా ఆ గుంట? మీదా?"

"కాదు మేడమ్."

"మరి రన్‌వే ఎవురు చూస్తారు, రొయ్యలా?"

చూసేసరికి నా గురి అద్దంలో పైకి పోయింది. కంగారులో ముక్కు ఎత్తేశాను.

"ఎత్తబాకు! ముక్కెత్తితే పైకి పోతామా? వేగం పోద్ది. ఆనక మనమే రొయ్యలకి మేత!"

ముక్కు దించి ఇంజన్ పెంచాను. మరీ పెంచాను. ఇప్పుడు ఎత్తు ఎక్కువైంది. పైగా సముద్రం గాలి పక్కనుంచి తోస్తోంది, విమానం రన్‌వే పక్కనున్న సరుగుడు తోట వైపు జరిగిపోతోంది. ఎలాగోలా నేలకి కొట్టేసి 'దించాను' అనిపించుకోవచ్చు. ఒంటరి ప్రయాణం మీద ఆశ కూడా అదే అంటోంది.

"ఇది కుదరదు మేడమ్, చుట్టు తిరిగి మళ్లీ వస్తాను," అని ఇంజన్ పూర్తిగా ఇచ్చి పైకి లేపాను. ఆమె తన బెల్టు ఇంకాస్త బిగించుకున్నారు. అది తిట్టుకన్నా భయంగా ఉంది.

రెండోసారి గురి కదల్లేదు. చక్రాలు మామూలుగా ఆనాయి. విమానం ఆగగానే మేడమ్ బెల్టు విప్పుకున్నారు.

"ఇంక నువ్వొక్కడివే పో."

"ఇప్పుడు బాగా దించానా మేడమ్?"

"ఏదో దించినావులే. దిగలేనని నోరు తెరిచి చెప్పినావు చూడు, అందుకు పంపిస్తా ఉండా. నెల్లూరోడి నోటినుంచి ఆ మాట నేనింతవరకు వినలా."

దిగి తలుపు వేసి, వెనక్కి చూడకుండా టీ కొట్టు వైపు నడిచారు. అంత నమ్మకాన్ని నేనెప్పుడూ వీపు వైపు నుంచి చూడలేదు.

ఒంటరిగా లేస్తే విమానం నేను అనుకున్నదానికన్నా తొందరగా లేచింది. దిగేటప్పుడు నేలకి ఆనకుండా తేలుతూనే ఉంది. ఓపిక పట్టాను. ఆనింది. తేడా అంతా పక్క సీట్లో ఆమె బరువు లేకపోవడం వల్లేనని మేడమ్‌కి ఇంతవరకూ చెప్పలేదు.