గురజాల దారిలో, తుమ్మ జిగురు కోసం

నా దగ్గర తుమ్మ జిగురు అయిపోవచ్చింది. గురజాల ప్రయాణానికి అదే కారణం. గుంటూరులో నేను చేసే పరిశోధనంతా ఆ జిగురు మీదే నడుస్తోంది. దాంట్లో పిండి పదార్థం, కంటికి కనిపించనంత సన్నటి జింకు రేణువులు కలిపి పల్చటి పొరగా ఆరబెడతాను. జామకాయకు చుడితే త్వరగా బూజు పట్టదు, పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. బజారు జిగురు నాకు నచ్చదు. మా అమ్మ చెల్లెలు సుశీల పిన్ని చెట్ల నుంచి గిల్లి పంపేదే వాడతాను. ఈమధ్య పిన్ని పంపడం మానేసింది, అడిగితే మాట దాటేస్తోంది. సరే, నేనే వెళ్ళి తెచ్చుకుందామని బయల్దేరాను.

పొద్దున్నే బస్సెక్కి నరసరావుపేటలో దిగి, ఇడ్లీ తిని మాచర్ల బస్సు పట్టుకున్నాను. పిడుగురాళ్ల దగ్గర సున్నపు దుమ్ముకు కిటికీ మూసుకోక తప్పలేదు. గురజాలకు గంటన్నర పైనే పట్టింది. అక్కడి నుంచి పిన్ని వాళ్ళ ఊరికి షేర్ ఆటో, ఇరవై రూపాయలు. ఎవరింటికని అడిగిన ఆటో అతను పేరు వినగానే, "ఆమె చానా రోజుల్నించి కుంటతా ఉందిగా! మీకు తెలవదా?" అన్నాడు.

పిన్ని మంచం మీద కూర్చుని ఉంది. ఎడమ మడమకు పాత చీర పేలిక. జిగురు గిల్లబోయి తుమ్మముల్లు తొక్కిందట. అసలే షుగరు మనిషి. పేలిక విప్పితే పుండు.

"ఆస్పత్రికి ఎందుకు పోలేదు పిన్నీ?"

"నువ్వు ఎప్పుడొచ్చినా పట్టు తెస్తావుగా అని ఆగా, చెప్తే కంగారు పడతావని చెప్పలా. ఫోన్లో నువ్వేగా చెప్పింది, జిగురు పట్టులాగా వచ్చింది, పురుగుల్ని చంపిద్దని."

నేను చెప్పింది పట్టుచీరలో పట్టు. పొర అంత నున్నగా వచ్చిందని మురిసిపోయి అన్నాను. పురుగులన్నది కాయను కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల్ని. పిన్ని విన్నది బెణికిన చోటా, పుండ్ల మీదా వేసే మందు పట్టు. ఆ ఒక్క మాట నమ్ముకుని ఈ పిచ్చితల్లి ఇన్నాళ్ళూ నొప్పి ఓర్చుకుంది.

చూపిద్దామని తెచ్చిన పొర సంచిలోనే ఉంది. పిన్ని దాన్ని వేళ్ళతో నిమిరి, "ఏమే, ఇది నా జిగురేనా! ఇంకేంది, వెయ్యి" అని కాలు చాపింది.

"వద్దు పిన్నీ. ఇది కాయలకు చుట్టేది. పుండు మీద వేయొచ్చో లేదో ఇంకా పరీక్షించలేదు."

"కాయకేస్తావు గానీ నాకెయ్యవా?"

నాకు ఏడుపు ఆగలేదు. "నీ కాలు నాకు కావాలి పిన్నీ, అందుకే వెయ్యను" అన్నాను. పిన్ని కాసేపు ముఖం తిప్పుకుంది. తర్వాత కొంగుతో నా కళ్ళు తుడిచి, "సరే పదవే, ఏడవమాక" అంది.

గురజాల దాకా ఆటో, అక్కడి నుంచి కారు మాట్లాడుకుని నరసరావుపేట ఆస్పత్రికి చేరాం. డాక్టరు గారు పుండు శుభ్రం చేసి, ఎముక దాకా పోలేదని, రోజూ కట్టు మార్పిస్తే కాలు దక్కుతుందని చెప్పారు. బయటికి రాగానే పిన్ని అడిగిన మొదటి మాట, "మరి నీ జిగురు ఎట్టాగే?"

నా పొర ఏదో ఒకనాటికి మనుషుల గాయాల మీదకూ వస్తుందేమో. దానికి ఇంకా ఎన్నో పరీక్షలు కావాలి. నా పని మీద పిన్నికున్నంత నమ్మకం నాకే లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ప్రేమా, భయమూ రెండూ కలుగుతాయి.

ఇటు వచ్చేవాళ్ళు మధ్యాహ్నంలోపే గురజాల చేరండి, ఆ తర్వాత షేర్ ఆటోలు తగ్గిపోతాయి. షుగరున్న పెద్దవాళ్ళ ఇంటికి వెళ్తే మాత్రం, వాళ్ళిచ్చే మంచినీళ్ళు తాగేలోపే ఒకసారి పాదాలు చూడండి. అడిగితే బాగానే ఉన్నామంటారు.