నత్త నాడి, నా గిర్ని

నేను బడిలో నాలుగో తరగతి దాటలేదు. మిగిలిన చదువంతా మొయినాబాద్‌లో పిండి గిర్ని నడుపుకుంటూ, పొట్లాలు విప్పి ఆ కాగితాల్లో చదువుకున్నదే. అందుకే చదువుకున్నవాళ్లు తప్పు మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది.

పోయినేడు ఒక ప్రొఫెసరు పక్క బిల్డింగు కిరాయికి తీసుకుని ప్రయోగశాల పెట్టాడు. గాజు గొట్టాన్ని వేడిచేసి, సాగదీసి, వెంట్రుకకంటే వెయ్యింతలు సన్నని మొన తీస్తారు. ఆ సూదిని నత్త తలలోని ఒకే ఒక్క నాడీకణంలో గుచ్చి, అందులో పుట్టే కరెంటును పట్టుకుంటారు. ఇదంతా నాకు చెప్పింది ఆయన దగ్గర పరిశోధన చేసే ఆలూరు అమ్మాయి. విని మెచ్చుకున్నాను కూడా. వారం తిరక్కముందే, నా గిర్ని అదురుకు సూదులు విరుగుతున్నాయనీ దాన్ని మూయించాలనీ ప్రొఫెసరు మండలాఫీసులో అర్జీ పెట్టాడు!

అదురు బయటికి పోకుండా మోటరు కింద లారీ టైరు ముక్కలు పరిచింది ఈ చేతులే. అర్జీ నకలు పట్టుకుని నేరుగా వాళ్ల గదికి వెళ్లాను.

"పెద్దాయనా, ఇది సైన్స్. మీకు అర్థం కాదు" అన్నాడు ప్రొఫెసరు.

"అర్థమైంది గనకనే గిర్ని బంద్ పెట్టి వచ్చిన. ఇప్పుడు గుచ్చుండ్రి."

అమ్మాయి గుచ్చింది. కరెంటును చూపే తెర మీద గీత మేకతోకలా వణికింది. సూది పుటుక్కుమంది.

నేను బల్ల కిందికి వంగి చూశాను. ప్రొఫెసరు మోకాలు బల్ల కాలికి ఆనుకుని, కుట్టుమిషన్‌లా ఆడుతోంది.

"కూసొని కాళ్లు ఊపుతరా? ఇంట్ల ఎవరు చెప్పలేదా?"

"అమ్మ చెప్పేది" అన్నాడాయన మెల్లగా.

"అమ్మ చెప్పిన గా మాట గూడ సైన్సే!" అని అమ్మాయి వైపు తిరిగాను. "నీకు కనపడలేదా బిడ్డా?"

"గైడ్ కాళ్ల దిక్కు చూస్తె థీసిస్ అయితదా, తాత?"

ఆయనను కుర్చీలోనే మఠం వేసి కూర్చోబెట్టి, గిర్ని దగ్గరున్న మా ఆమెకు ఫోన్ చేశాను. "షురూ చెయ్యి."

"జొన్నలోళ్లు ఎప్పటిసంది కూసున్నరు. నీ లొల్లి ఒడిసిందా?"

గిర్ని రొద మొదలైంది. అమ్మాయి కొత్త సూది గుచ్చింది. గీత తీగలా నిలిచింది. కాసేపటికి అందులోంచి ఒక్క మొన టక్కున పైకి లేచింది.

"తాత, నత్త నాడి పలికింది!"

చూడటానికి ప్రొఫెసరు లేవబోయాడు.

"సార్, కదలకుండ్రి!" అని అమ్మాయి కసిరింది.

ఆయన మఠం విప్పకుండానే చెయ్యి చాపి, నా దగ్గరున్న అర్జీ నకలు తీసుకున్నాడు. చింపబోయి ఆగి, ఆమెనే అడిగాడు:

"అమ్మా, కాగితం చింపొచ్చునా?"