ఒక్కొక్కరికీ ఒక్క డైలాగే

నవ్వితే నవ్వారు గానీ, ముందు ఆ టీ పూర్తిగా తాగేయండి. మధ్యలో పొలమారితే నా పూచీ లేదు. మొన్న క్రిస్మస్‌కి మా ఆవిడ రాసిన ఇరవై నిమిషాల నాటకాన్ని నేను ఒక్క నిమిషం నాటకం చేసిపెట్టాను. కత్తెరతో కాదు. కంప్యూటర్ ప్రోగ్రాము రాసి!

నేను బాపట్లలో ఒక కాలేజీలో ప్రోగ్రామింగ్ ల్యాబ్ చూస్తాను కదా. సుగుణ రేపల్లెలో స్కూలు టీచరు. కాపురం మధ్యలో, తెనాల్లో. పొద్దున్నే స్టేషన్‌లో తనొక రైలెక్కితే నేనొక రైలెక్కుతాను. పెళ్లయి ఏడాదైనా పగటిపూట మేమిద్దరం కలిసి కూర్చున్నది ఆదివారాలే. అదీ రేపల్లె రైల్లో, తన పుట్టింటి చర్చికి వెళ్తూ.

ఈసారి అక్కడి పాస్టరు అయ్యగారు క్రిస్మస్ నాటకం సుగుణని రాయమన్నారు. ఆ రోజు తన మొహం చూడాలి మీరు! "చిన్నప్పట్నుంచీ ఆ స్టేజీ మీద ఎవరో రాసిన మాటలే అప్పజెప్పానండీ. ఈసారి నా మాటలు" అంది. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

పుస్తకంలో రాసుకుంటానంది. ఇదిగో, ఇక్కడే నా నోరు లేచింది. "ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని కాగితం ఏంటి సుగుణా? నువ్వు చెప్పు, నేను టైపు చేస్తా" అన్నాను.

అలా మొదలైంది. సాయంత్రాలు తను వంటింట్లో కూర తరుగుతూ చెప్పేది, నేను ముందు గదిలో తెలుగు ఫాంటులో టకటకా కొట్టేవాణ్ణి. యోసేపు, మరియ రేపల్లె స్టేషన్‌లో దిగి గది కోసం వెతుక్కుంటారు. అదీ కథ. సత్రం ఆయన మాట చెప్పేటప్పుడు గొంతు బొంగురు చేసేది. మరియ మాటకొచ్చేసరికి పోపు గరిటె ఆపేసేది. కూర మాడిన రోజులున్నాయి. నిజం చెప్పొద్దూ, ఈ ఏడాదిలో నాకు బాగా నచ్చిన సాయంత్రాలు అవే.

ఇప్పుడు ఆ చర్చి పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరి డైలాగులు వాళ్లకి విడిగా కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, పిన్ను కొట్టి ఇస్తారు. రిహార్సల్ దాకా ఎవరి వేషం ఏంటో ఇంకొకరికి చెప్పకూడదు. ఎందుకంటే అందరికీ దేవదూత వేషమే కావాలి. ముందే తెలిసిపోయిందా, గొర్రెల కాపరి వేషం వచ్చిన పిల్ల ఇంట్లోంచి కదలదు.

"పదకొండు మందికి విడివిడిగా ఎవరు రాస్తారండీ, చెయ్యి పడిపోతుంది" అంది సుగుణ.

"ఎవరూ రాయక్కర్లేదు. ప్రోగ్రాము రాస్తా" అన్నాను. అనడం కాదు, కాలర్ ఎగరేశాను.

ప్రోగ్రాము ఏం చెయ్యాలి? నాటకం మొత్తం ఒకసారి చదివేసుకుని, ఒక్కో డైలాగూ ఎవరిదో చూసి, వాళ్ల పేరున్న ఫైలు తెరిచి, అందులో రాసి, మూసెయ్యాలి. ఇక్కడ కాస్త పాఠం చెప్పనివ్వండి. ప్రోగ్రాము తనంతట తాను ఫైలు తెరవలేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగాలి. ఆ అడగడాన్నే ఓపెన్ కాల్ అంటాం. ఫలానా పేరున్న ఫైలు కావాలి, చదవడానికా రాయడానికా, లేకపోతే కొత్తది పుట్టించాలా, ఉంటే పాతదంతా తుడిచేసి ఖాళీగా ఇవ్వాలా, లేదా పాతదాని చివర చేర్చుకుంటూ పోవాలా, అన్నీ మనమే చెప్పాలి. మనం ఏది చెబితే అది చేస్తుంది. ఎందుకు బాబూ అని ఒక్క మాట అడగదు.

ఇది నేను ఏటా పిల్లలకి బోర్డు మీద రాసి మరీ చెప్పే పాఠం. అలాంటి నేను "చివర చేర్చు" అని రాయాల్సిన చోట "ఉంటే తుడిచెయ్యి" అని రాశాను!

అర్థమైందా? ప్రోగ్రాము మరియ మొదటి డైలాగు రాసింది. రెండోది వచ్చింది, మొదటిది తుడిచి రెండోది రాసింది. మూడోది వచ్చింది, రెండోది తుడిచింది. అలా తుడుచుకుంటూ పోయి ఒక్కొక్కరికీ ఆఖరి డైలాగొక్కటి మిగిల్చింది.

నేను చూసుకోలేదా అంటారేమో. పదకొండు ఫైళ్లు కనబడ్డాయి, నేను పొంగిపోయాను, అంతే. ఫ్లాపీలో వేసుకుని కాలేజీకి పట్టుకెళ్లి, లంచ్ టైములో ప్రింటరుకి కాగితాలు పెట్టాను. క్లాసుకి టైమైపోతోందని వచ్చినవి వచ్చినట్టే బోర్లించి మడతపెట్టి, కవర్లలో పెట్టి, పిన్ను కొట్టేశాను. ఆదివారం సుగుణ పంచింది. వారంలో కంఠతా రావాలంది.

ఆ వారమంతా పిల్లలు కిక్కురుమనలేదు. పాపం, ప్రతి ఒక్కరూ తమకొక్కరికే చిన్న వేషం వచ్చిందనుకుని, సిగ్గుపడి బయటికి చెప్పలేదు. మరియ వేసే పిల్ల వాళ్లమ్మ మాత్రం దారిలో సుగుణని ఆపి, "పోయినేడు గొర్రెకి కూడా రెండు డైలాగులున్నాయమ్మా" అందట. అదేంటో అర్థంకాక సుగుణ నవ్వేసి ఊరుకుంది.

రెండో ఆదివారం ఆరాధన అయ్యాక రిహార్సల్. అయ్యగారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నేను ఆయన పక్కనే, మెచ్చుకోళ్లు పట్టుకెళ్లడానికి సిద్ధంగా.

కథ చెప్పే పిల్ల ముందుకొచ్చి దణ్ణం పెట్టి, "ఇదండీ జరిగింది. సెలవు" అంది.

యోసేపు, "వెళ్లొస్తామండి. మీ మేలు మర్చిపోం."

సత్రం ఆయన వేషం సుగుణ క్లాసులో చదివే చిట్టిది. పదేళ్ల పిల్ల, అట్టముక్క మీసం పెట్టుకుంది. "సరే, పాకలో పడుకోండమ్మా. దుప్పటి నేనిస్తా."

మరియ, "హుష్! ఇప్పుడే నిద్రపోయాడు."

కాపరి, "గొర్రెల్ని వదిలేసొచ్చాం, ఇక పదండ్రా."

మిగతా ఆరుగురూ తలా ఒక్క ముక్క. అయిపోయింది! అయ్యగారు వాచీ చూసుకున్నారు. "అమ్మా సుగుణా, క్లుప్తంగా ఉంది. బాగానే ఉంది గానీ... బాబు ఎప్పుడు పుట్టాడమ్మా?"

సుగుణ గబగబా వెళ్లి చిట్టి కాగితం లాక్కుని చూసింది. ఇంకో కాగితం చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపు నేను చెప్పలేను, మీరే ఊహించుకోండి.

"ఏం కాలేదు సుగుణా, అసలు నాటకం ఇంట్లో ఉందిగా. రేపే మళ్లీ ప్రింటు తీస్తా" అన్నాను ధైర్యంగా.

ఇంటికెళ్లి చూస్తే అసలు ఫైల్లోనూ ఒక్క లైనే ఉంది. "ఇదండీ జరిగింది. సెలవు."

ఎలా అంటే, మొదటి రోజు నాటకం ఫైలుకి నేను పెట్టిన పేరు "కథ". కథ చెప్పే పిల్ల పాత్రకి సుగుణ పెట్టిన పేరూ "కథ". ఆ పిల్ల డైలాగు రాయబోయి నా ప్రోగ్రాము "కథ" తెరవమంది. ఉంటే తుడిచెయ్యమంది. సిస్టమ్ తుడిచేసింది. ఇంకో కాపీ ఉందా? లేదు. కాగితం? కాగితం ఏంటి అన్న మహానుభావుణ్ణి నేనే కదా.

సుగుణ అరిచి ఉంటే బాగుండేది. అరవలేదు. వంటింట్లోకి వెళ్లి, కత్తిపీట ముందు కూర్చుని, బెండకాయలు చేతిలో పట్టుకుని ఊరికే ఉండిపోయింది. "పోనీలెండి. పాత నాటకమే వేయిద్దాం. పిల్లలకి సగం వచ్చే ఉంటుంది" అంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, వచ్చింది. "తిట్టు సుగుణా" అన్నాను. "తిడితే వస్తుందా?" అంది.

మర్నాడు సాయంత్రం పాత నాటకం సంగతి చెప్పడానికే పిల్లల్ని పోగేసింది. నేనూ కాలేజీకి సెలవు పెట్టి వెళ్లాను, క్షమాపణ చెప్పుకోవాలిగా. సుగుణ నోరు తెరిచేలోపే చిట్టి లేచింది.

"టీచర్, నేను దుప్పటిస్తానన్నానంటే ముందు ఇవ్వనన్నట్టేగా?"

"అవును."

"ఎందుకివ్వనన్నాను?"

సుగుణ చిట్టి వైపు తిరిగింది. "నువ్వే చెప్పు, ఎందుకనుంటావు?"

"ఇంటినిండా చుట్టాలుంటారండి. మా ఇంట్లో అయితే మంచం మా మావయ్యకిచ్చేసి నన్ను కింద పడుకోబెడతారు. నాకే దుప్పటుండదు."

"మరి ఎందుకిచ్చావు?"

చిట్టి ఆలోచించి, "ఆవిడ అడగలేదు టీచర్. ఊరికే నిలబడింది. అందుకని ఇచ్చా" అంది.

సుగుణ కొంగుతో మొహం తుడుచుకుని, బల్ల మీద చాక్‌పీసు తీసుకుంది. అంతే! ఆఖరి మాట పట్టుకుని పదకొండు మందీ వెనక్కి నడుచుకుంటూ వెళ్లారు. దానికి ముందేమైంది, ఇంకా ముందేమైంది? వారం తిరిగేసరికి నాటకం తయారైంది. కాస్త పొడవు కూడా పెరిగింది.

క్రిస్మస్ రోజు అయ్యగారు మైకు ముందు సుగుణ ఇచ్చిన చీటీ చదివారు. "రచన, సుగుణమ్మ మరియు పిల్లలు. పోగొట్టినది, వారి భర్తగారు." చర్చంతా గొల్లుమంది. లేచి దణ్ణం పెట్టాను, ఏం చేస్తాను! కానీ చిట్టి తన దుప్పటి విప్పి మరియ భుజాల మీద కప్పినప్పుడు మాత్రం ఎవ్వరూ నవ్వలేదు. వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. నేను కాదు. సరే, నేనే.

మర్నాడు పొద్దున రేపల్లె ప్లాట్‌ఫారం మీద రైలు కోసం కూర్చున్నాం. సుగుణ అడిగింది, "ఏవండీ, నిజం చెప్పండి. ఇది బాగుందా, పోయింది బాగుందా?"

"పోయిందే" అన్నాను.

"పోండి, నన్ను ఊరడించడానికి."

"కాదు సుగుణా. నువ్వు కూర తరుగుతూ, గొంతులు మార్చి చెబుతుంటే ఆ నాటకం మొత్తం విన్నవాణ్ణి ఈ లోకంలో నేనొక్కణ్ణే. ప్రతి మాటా మనసులో ఉండిపోయింది."

తను మెల్లగా జరిగి నా భుజానికి ఆనుకుని కూర్చుంది. రైలు రావడానికి ఇంకా టైముంది. నాకైతే ఆ రైలు అసలు రాకపోయినా బాగుండుననిపించింది.

కాసేపటికి అంది, "అయితే చెప్పండి. స్టేషన్‌లో దిగగానే మరియ ఏమంటుంది?"

నేను పట్టాల వంక చూశాను. సిగ్నల్ వంక చూశాను. ఎంత తవ్వుకున్నా ఒక్క ముక్క రావడంలేదండీ!

"చెప్పండి మరి. ప్రతి మాటా ఉండిపోయిందన్నారుగా?"

"హుష్! ఇప్పుడే నిద్రపోయాడు" అన్నాను.

నా బుర్రని తెరిచేటప్పుడు కూడా దేవుడు "ఉంటే తుడిచెయ్యి" అనే రాసినట్టున్నాడు.