మేట లేని కాలువ

మొన్న మా పత్రికాఫీసులో మంటలార్పే సిలిండర్లను పరీక్షించారు. బుస్సుమంటూ గ్యాస్ వెలువడి, గొట్టం మూతి చుట్టూ తెల్లటి మంచు పేరుకుంది. అందరూ చెవులు మూసుకుంటే నాకు నవ్వు ఆగలేదు. అప్పన్న బాబాయి గుర్తొచ్చాడు.

ఉక్కు కర్మాగారాల హిందీ ఊళ్లో, బిర్సానగర్ బస్తీలో మా పక్కిల్లే ఆయనది. వంశధార ఒడ్డు నుంచి వచ్చి, ఆదిత్యపూర్‌లో ఇనుము పోతపోసే ఒక చిన్న ఫౌండ్రీలో ఇసుక అచ్చులు చేసేవాడు. అచ్చు గట్టిపడటానికి ఇసుకలోకి కార్బన్ డయాక్సైడ్ పట్టించడం ఆయన రోజువారీ పని. అప్పట్లో నేను ఒక హిందీ దినపత్రికలో వారం వారం సైన్సు వ్యాసం రాసేదాన్ని. అంతకుముందు వారం తప్పు దొర్లి సవరణ వేయాల్సి వచ్చింది. ఇంకొకటి పడితే నీ వ్యాసాలు ఆపేస్తానని ఎడిటరు తేల్చి చెప్పేశాడు.

ఆ వారం అంగారకుడి మీది ఇసుక దిబ్బల గురించి రాశాను. ఒకే దిబ్బకు మూడు ఫొటోలు: చలికాలంలో తెల్లగా, వసంతంలో మచ్చలు మచ్చలుగా, ఎండాకాలానికి వాలు మీద కొత్త కాలువలతో. వసంతం రాగానే అక్కడ నీళ్లు పారతాయని ధీమాగా రాసి, ఉదయాన్నే బాబాయికి విషయం చెప్పి చూపించాను. ఆయనకు హిందీ మాట వచ్చు, అక్షరం రాదు. అందుకని ఫొటోలే చూశాడు, చాలాసేపు.

“ఏటే పేపరమ్మా, నీళ్లు పారీయంటావేటి?”

“కాలువలా లేదా బాబాయ్?”

“కాలవైతే కింద మేటేదీ? మా వంశధారొచ్చి ఎల్లిందంటే కొసాకి ఇసక మేటేసి పోద్ది. ఇక్కడ సూడు, కొసాకి గొయ్యుంది. ఆ తెల్లదేటి?”

“గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్.”

“అరె, మా సిలిండర్ గ్యాసే! చలో, బండెక్కు.”

ఫౌండ్రీ ఆవరణలో ఇసుక గుట్ట ఎండకు కాగుతోంది. బాబాయి సిలిండరును తలకిందులుగా వంచి, గోనెసంచిలోకి గ్యాస్ వదిలి, గడ్డకట్టిన తెల్లటి పొడి పట్టాడు. తోలు తొడుగుల చేతులతో దాన్ని సున్నుండలా నొక్కి గుట్ట మీద పెట్టాడు. అది సుయ్యిమంటూ, తన ఆవిరి మీద తానే తేలుతూ కిందికి జారింది. వెనకాల తిన్నటి కాలువ, రెండు పక్కలా చిన్న గట్లు. అడుగున కాసేపు బుసబుసలాడి మాయమైంది. అక్కడొక గొయ్యి మిగిలింది, అచ్చం ఫొటోలోలాగే.

“సున్నుండేదే? నువ్వు తినీసావేటి?” అన్నాడు బాబాయి. పనివాళ్లు చుట్టూ చేరి “ఫిర్ సే, దాదా!” అంటుంటే ఐదుసార్లు జార్చాడు.

ఆఫీసుకు పరుగెత్తి, ఫొటోలతో వచ్చిన వివరణ చివరిదాకా చదివాను. అలాంటి గడ్డలు జారే ఆ కాలువలు పడుతున్నాయని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారట. అంతకుముందు నేను మొదటి పేరాతోనే ఆగిపోయాను. సాయంత్రానికి వ్యాసం తిరగరాశాను. సవరణ పడలేదు, నా వ్యాసాలూ ఆగలేదు. ఆదివారం బాబాయి తాను చదవలేని ఆ పేజీని వీధంతా తిప్పి చూపించాడు: “ఇది నాను సెప్పిందే.”

ఇప్పటికీ ఏ వార్త చేతికొచ్చినా, అది నిజంగా జరిగితే వెనక ఏం మిగలాలి అని వెతుకుతాను. మా డెస్కులో హిందీవాళ్లకూ అది అంటుకుంది. నమ్మబుద్ధి కాని వార్త వస్తే “మేట కహాఁ హై?”, మేటేదీ అని కేకేస్తారు. ఆ మాటకు అర్థం వాళ్లకు తెలుసు. ఎవరిదో మాత్రం తెలియదు. మొన్న వాళ్లను ఆ తెల్లటి మంచు ముందు నిలబెట్టి, అప్పన్న బాబాయిదని చెప్పాను.